మళ్ళీ రానోళ్ళు

బెంగళూరు,
జూన్ 4.

డాక్టర్ అంజినప్ప గారికి,

మామా, మొన్న నేను మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశారు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం మందుల వ్యాన్లో పంపుతున్నాను. డ్రైవర్ శివు మీ చేతికే ఇస్తానన్నాడు.

చెప్పాల్సింది ఇదీ. మన ట్రస్టు నడిపే తొమ్మిది ఆస్పత్రుల్లోనూ రోగుల వివరాలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే ఉంటున్నాయి కదా. ఆ వివరాలు చూసి ఎక్కడ వైద్యం ఎంత బాగుందో తేల్చడం మా విభాగం పని. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలు పరీక్షించారా, వచ్చిన బీపీ రోగుల్లో ఎంతమందికి అదుపులో ఉంది, ఇలాంటివి చూసి ఆరు నెలలకోసారి మార్కులు వేస్తాం. ఈసారి మీ కూరెకుప్ప ఆస్పత్రికి ఆఖరి స్థానం వచ్చింది. మొదటిది దేశనూరు, డాక్టర్ ప్రవీణ్‌కుమార్ గారిది.

వరుసగా మూడుసార్లు ఆఖర్న ఉంటే ఆ ఆస్పత్రిని మూసేసి దగ్గర్లో ఉన్న ఇంకోదానితో కలిపేయాలని సెక్రటరీ గారు అనుకుంటున్నారు. నేను మీ అక్క కూతుర్నని ఆయనకు ముందే చెప్పాను. అయితే నువ్వే చెప్పు, నీ మాట వింటాడు అన్నారు. మీ సంగతి ఆయనకు తెలియదు.

మీరు రోగుల్ని బాగా చూస్తారని నాకు తెలుసు. కానీ కంప్యూటర్లో మీవి సగం గళ్ళు ఖాళీగా ఉన్నాయి. అవి నింపితే చాలు. కోపం తెచ్చుకోకుండా జవాబు రాయండి.

మీ
రక్షిత


కూరెకుప్ప,
జూన్ 11.

రక్షితా,

నన్ను మీరు, గారు అన్నప్పుడే అనుకున్నా, ఏదో చెడ్డ కబురు ఉండాదని. నా స్టెతస్కోపు మెడలో ఏసుకుని మేకపిల్లకి సూది పొడిచినదానివి, ఇప్పుడు నాకు మార్కులు ఏస్తాండావు. సంతోషం.

ముప్పై ఏండ్లాయె నేను ఈ ఎర్రదుమ్ములో కూచుని. ఖనిజం లారీలు మా గేటు ముందరే పోతాయి. సిస్టర్ నాగలక్ష్మమ్మ పొద్దున్నే మీ కంప్యూటర్ని గుడ్డతో తుడుస్తాది, మధ్యాన్నానికి మళ్ళీ కుంకుమ చల్లినట్ల ఉంటాది. ఆ కుంకుమ బొట్టు పెట్టుకున్న యంత్రం ముందర కూచుని నేను చేసేది ఏందో తెలుసునా? రోగి ఎద నొస్తాంది అంటాడు. ఉండప్పా, ముందు నువ్వు బీడీ తాగుతావో లేదో ఇది అడుగుతాంది అంటా నేను. పోయిన నెల నాలుగు నెలల బిడ్డని తెచ్చినారు, జ్వరం. బీడీ సంగతి రాయకుంటే తర్వాతి పేజీకి పోనంటాది యంత్రం. తాగదు అని కొట్టినా. ఎప్పుడూ తాగలేదా, తాగి మానేసిందా అని మళ్ళీ అడిగె. ఆ గడి ఖాళీగా వదిలేసినా. నువ్వు లెక్కపెట్టిన ఖాళీ గళ్ళలో అదొకటి.

ఇంగ మీ మొదటి ర్యాంకు. ప్రవీణ్‌కుమార్ మంచి పిల్లోడే, ఆంధ్రా నుంచి వచ్చి కాలవ కింద వరి పండించే క్యాంపు రైతుల బిడ్డ, మాట మెత్తన. ఆయప్ప ఆస్పత్రిలో అందరి బీపీ నూటాఇరవై బై ఎనభై. కాలవకి నీళ్ళు రాని ఏడాది కూడా దేశనూరులో ఎవరికీ రవంత బీపీ పెరగలేదు. అంత నిమ్మళమైన ఊరు కర్ణాటకలో ఇంకోటి లేదు.

పోయిన వారం యల్లప్ప వచ్చినాడు. క్రషర్ కాడ పనిచేసేటోడు. షుగర్ ముదిరి నాలుగేండ్ల కిందట ఎడమకాలు మోకాలి కిందికి తీసేసినారు. కూతుర్ని దేశనూరులో ఇచ్చినాడు కాబట్టి కొన్నాళ్ళు ఆడ చూపించుకున్నాడు. ఆడ ఇచ్చిన ప్రింటు కాయితం నాకు చూపిచ్చినాడు. రెండు పాదాలు పరీక్షించడమైనది, రెండింటిలోనూ నాడి, స్పర్శ బాగున్నవి అని ఉండాది. నేను చదివి వినిపిస్తే పంచె ఎత్తి మొండికాలు చూసుకున్నాడు.

"ఆ రెండోది వాళ్ళకాడ ఉంటే ఇప్పించు సామీ" అన్యాడు.

దానికి మీరు మొదటి ర్యాంకు ఇచ్చినారు. నేను ఉన్న కాలు ఒక్కటే చూసినా కాబట్టి నాది ఆఖరు.

గళ్ళు నింపేదానికి నేను జనాభా లెక్కల గుమాస్తాను కాను. మీ సెక్రటరీకి కూడా ఈ ఉత్తరం చూపించు. ఈడ అందరం బాగుండాము అని రాయల్ల. మీ మార్కుల ప్రకారం బాగలేము.

ఆఖరి ర్యాంకు మామ


బెంగళూరు,
జూన్ 27.

మామా,

ఇకమీదట నువ్వే అంటాను. యల్లప్ప మాట చదివి ఆఫీసులోనే నవ్వాను. తర్వాత దేశనూరు రికార్డులు తెరిచి చూశాక నవ్వు రాలేదు.

అక్కడ షుగర్ రోగులందరి పాదాలూ ఒకేలా ఉన్నాయి. అక్షరం తేడా లేదు. తెలుసుకుందామని నేనే బస్సెక్కి దేశనూరు పోయాను. ప్రవీణ్‌కుమార్ గారు దాచలేదు. స్క్రీను మీద "అన్నీ మామూలే" అని ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కితే గళ్ళన్నీ ఒక్కసారే నిండిపోతాయి. పనిభారం తగ్గుతుందని దాన్ని పెట్టించింది మా విభాగమే. ఆయన గది బయట జనం వరండా దాటి ఎండలో నిలబడి ఉన్నారు. నాతో మాట్లాడుతూనే ముగ్గుర్ని చూసి పంపాడు. పాదాలు చూడకుండా చూసినట్టు ఎందుకు రాశారని అడిగాను.

"పాదం చూశావా అని మీరెప్పుడు అడిగారండీ? గడి నిండిందా అనే అడిగారు. నింపాను" అన్నాడు.

ఆ మీటని తీసేయించాం. ఇంకో మూడు ఆస్పత్రుల్లోనూ ఇదే జరిగింది కాబట్టి దేశనూరుతో కలిపి నాలుగింటి మార్కులు కొట్టేశాం. ఖాళీ గళ్ళకి మార్కులు తగ్గించడమూ మానేశాం. ఇప్పుడు కూరెకుప్పది రెండో స్థానం. నువ్వు గెలిచావు.

ఇంకో సంగతి కూడా ఉంది, అది నీకు నచ్చదు. నీ అంకెలు నిజమైనవని తేలాక వాటిలో ఇంకా లోతుకి వెళ్ళి చూశాను. నువ్వు బీపీ మాత్రలు మొదలుపెట్టిన వాళ్ళలో సగం మందికి పైగా మళ్ళీ నీ దగ్గరికి రాలేదు. మిగతాచోట్ల నలుగురిలో ఒక్కరే అలా మానేస్తున్నారు. ఇది ఎవరో నింపిన గళ్ళు చూసి చెప్పడం లేదు. మందుల కౌంటర్లో మాత్రలు తీసుకున్న తేదీలు చూసి చెప్తున్నాను. మేం మార్కులు వేసేది ఆస్పత్రికి వచ్చిన రోగుల్ని చూసే గానీ రానివాళ్ళని చూసి కాదు. కాబట్టి వాళ్ళు పోయినా నీ స్థానం తగ్గలేదు.

వాళ్ళంతా ఎక్కడికి పోతున్నారు మామా? పేర్లు నేను చూడకూడదు, చూడలేదు. నీ స్క్రీను మీద సిస్టర్‌కి కనిపిస్తాయి.

రక్షిత


కూరెకుప్ప,
జులై 5.

రక్షితా,

రెండో ర్యాంకు వచ్చిన సంబరానికి సిస్టర్‌కి, ల్యాబు పిల్లకి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించినా. నెల కిందట ఈ ఆస్పత్రిని మూసేయాలన్నారు, ఈ పొద్దు రెండోది అంటాండారు. మధ్యలో నేను చేసింది ఏమీ లేదు, అదే కుర్చీలో కూచునుండా. మీ సెక్రటరీకి నా అభినందనలు చెప్పు.

ఇంగ నీ రెండో సంగతి. బెంగళూరులో ఏసీ కింద కూచుంటే అట్లాంటి ప్రశ్నలు శానా పుడతాయి. ఇది ఉక్కు ఫ్యాక్టరీ ఊరు తల్లీ. ఒడిశా నుంచి, బీహారు నుంచి పనికి వస్తారు, ఆరు నెలలుంటారు, కాంట్రాక్టు అయిపోతే రైలెక్కి పోతారు. వాళ్ళని స్టేషన్లో పట్టుకుని మాత్రలు మింగించేదానికి నేను రైల్వే పోలీసునా? మిగిలినోళ్ళు బళ్ళారి పోయి పెద్ద డాక్టర్లకి చూపించుకుంటారు. ఆడ ఫీజు ఎక్కువ కాబట్టి రోగం బిరిన తగ్గుతాదని వాళ్ళ నమ్మకం.

నమ్మకుంటే వచ్చే ఆదివారం పేర్లు పట్టుకుని నేనే ఇల్లిల్లూ తిరుగుతా. ఒక్కొక్కడు యాడికి పోయినాడో రాసి నీ యంత్రం మొగాన కొడతా. అప్పుడు ఆ మాట కూడా ఏదో ఒక గడిలో నింపుకో.

రెండో ర్యాంకు మామ


బెంగళూరు,
ఆగస్టు 2.

మామా,

నాలుగు వారాలైంది. యంత్రం మొగాన ఏమీ పడలేదు. శివుని అడిగితే ఉత్తరం ఇవ్వలేదు, మాట్లాడనూ లేదు అన్నాడు. అమ్మ ఫోన్ చేసినా ఎత్తడం లేదంట. ఒక్క ముక్క రాయి.

రక్షిత


కూరెకుప్ప,
ఆగస్టు 10.

రక్షితా,

బతికే ఉండానని అక్కకి చెప్పు.

చెప్పినట్లే ఆదివారం పోయినా. మొదట ఫ్యాక్టరీ వెనక షెడ్లకి పోతే నేను వెతికేటోడు ఒడిశా పోయినాడన్యారు. నాకు పట్టరానంత సంతోషమాయె. రెండో ఇంట్లో ఆయమ్మ బళ్ళారిలో చూపించుకుంటాంది. అదీ రాసుకున్నా. నీకు పంపేదానికి మాటలు కూడా ఏరిపెట్టుకున్నా.

మూడోది కనకప్ప ఇల్లు. కనకప్ప టిప్పర్ డ్రైవరు, ఈ ఊరోడే. బీపీకి నేనే మాత్రలు మొదలుపెట్టినా. పోయిన ఏడాది నుంచి రాలేదు. గడపలోకి పోతానే నన్ను చూసి మంచం మీద నుంచి లేచేదానికి చూసినాడు, లేయలేకపోయినాడు. కుడిచెయ్యి గుడ్డపేలికలాగ ఏలాడతాండాది. మూతి ఒక పక్కకి పోయింది. ఏదో అన్యాడు, నాకు అర్థం కాలేదు. ఉగాది ముందర పక్షవాతం వచ్చిందని ఆయప్ప భార్య సుంకలమ్మ చెప్పె. నాకు కుర్చీ ఏసి కాఫీకి నీళ్ళు పెట్టె.

మాత్రలు ఎందుకు మానేసినారు అని అడిగినా. నేను ఎప్పుడూ అడిగే గొంతుతోనే అడిగినా. ఆయమ్మ పొయ్యికాడి నుంచి తిరగకుండానే జవాబు చెప్పె.

"మీరే కద సామీ రావద్దన్యది."

నేను నమ్మలేదు. ఆయమ్మ నిదానంగా చెప్పె. లోడుతో కార్వార్ పోయి, మాత్రలు మరిచి, పది దినాల తర్వాత నా కాడికి వచ్చినాడంట. నేను చీటీ ఇసిరికొట్టి, సచ్చినా నా గడప తొక్కొద్దు పో అన్నానంట, వరండాలో జనమంతా ఇంటాండగా. ఆయప్ప కింద పడిన చీటీ ఎత్తుకుని ఇంటికొచ్చినాడు. ఆ పొద్దు అన్నం తినలేదంట. ఈమె ఎన్నిసార్లు పొమ్మన్నా, డాక్టరు రావద్దన్యాడే, ఏం మొగం పెట్టుకుని పోయేది అన్యాడంట.

అది నేను అందరినీ అనే మాటే కదమ్మా, కోపంతో అనేది కాదు, అన్నా.

"అందరికీ తెలుస్తాది సామీ. ఈయప్పకి తెల్లేదు" అని కాఫీ లోటా చేతికిచ్చె.

నాకు గుర్తు లేదు రక్షితా. ఆ దినం, ఆ మాట, ఆ చీటీ, ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. దినానికి ఇద్దరు ముగ్గురిని అట్ల అంటా, గుర్తు యాడుంటాది. కనకప్ప ఒక్కటే మాట మళ్ళీ మళ్ళీ అంటాండాడు. సుంకలమ్మ నాకు అర్థం చేసి చెప్పె. డాక్టరుకి చక్కెర తక్కువ ఎయ్యి అంటాండాడంట. నాకు షుగర్ ఉండాదని ఆయప్పకి గుర్తుండాది.

ఆ పొద్దు ఇంకే ఇంటికీ పోలేకపోయినా. తర్వాతి ఆదివారాలు సిస్టర్ని కూడా తీసుకుపోయినా. అడిగేది ఆయమ్మ, నేను చెప్పులు ఇప్పి బయట నిలబడేది. నేను చెప్పినట్ల ఊరొదిలి పోయినోళ్ళు ఉండారు, కాదనను. కొందరు మెడికల్ షాపులో కొనుక్కుని మాత్ర సగం సగం మింగుతాండారు. ఒకాయమ్మ కప్పగల్లులో సూదులేసేటోడి కాడికి పోతాంది. డాక్టర్ని వదిలి వాడి కాడికి యాల పోతావు అని సిస్టర్ అడిగితే, వాడు కూచోబెట్టి మాట్లాడతాడు అనె. ఎక్కువమంది చెప్పింది అదే. డాక్టరు తిడతాడు అని. నాగలక్ష్మమ్మ ప్రతి ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడింది, నాకు ఇనపడకూడదని. నాకు చెవులు బాగనే ఉండాయి.

వైద్యం ఎంత బాగుందో కొలిచే మీ యంత్రంలో దీనికి గడి ఉండాదా? డాక్టరు నోరు: మామూలు, చెడ్డది, పరీక్షించలేదు. నాది ముప్పై ఏండ్లుగా పరీక్షించలేదు. అన్నీ మామూలే అనే మీట ప్రవీణ్‌కుమార్ ఒక్కడే నొక్కినాడు అనుకుంటి.

వస్తామన్నోళ్ళని మళ్ళీ రమ్మంటాండాము. కొందరు వస్తాండారు.

మామ


బెంగళూరు,
నవంబర్ 14.

మామా,

ఇన్నాళ్ళూ ఫోన్లో అమ్మ సంగతులు, వానల సంగతులు మాట్లాడుకున్నాం. ఇది మాత్రం కాగితం మీదే చెప్పాలి. కొత్త మార్కులు వచ్చాయి. కూరెకుప్ప మళ్ళీ ఆఖరు.

ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. మానేసినవాళ్ళని నువ్వు వెనక్కి తెచ్చావు. నెలల తరబడి మాత్రల్లేని వాళ్ళు, బీపీ నెత్తికెక్కిన వాళ్ళు. వాళ్ళ అంకెలు ఉన్నవి ఉన్నట్టు కొట్టావు. ఇంట్లో పడి ఉన్నంతకాలం వాళ్ళు మా లెక్కలో లేరు. నీ గడప తొక్కగానే లెక్కలోకి వచ్చి నీ మార్కులు తిన్నారు. నువ్వు మంచి డాక్టరువి అవుతున్న కొద్దీ మా పట్టికలో చెడ్డ డాక్టరువి అవుతున్నావు.

మీటింగులో ఇదంతా చెప్పాను. పటం గీసి చూపించాను. సెక్రటరీ గారు శ్రద్ధగానే విన్నారు.

"అంటే మానేసిన రోగుల్ని వెతికి తెచ్చినందుకు ఆయన స్థానం పడిపోయిందంటావు. మరి తేవడం ఎందుకు?" అన్నారు.

వేళాకోళం కాదు మామా. నిజంగానే అడిగారు. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళంతా నా జవాబు కోసం చూశారు. అందులో ఇద్దరు డాక్టర్లు. జీడిపప్పు ప్లేటు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి పోతూ ఉంది. ఆఖరికి ఛైర్మన్ గారు ఈ బీపీల గొడవ జనానికి అర్థం కాదన్నారు. వచ్చే ఏడాది నుంచి క్యూలో ఎంతసేపు నిలబడ్డారో కొలవాలట, వార్షిక నివేదికలో గడియారం బొమ్మ కూడా వేయొచ్చట. అందరూ బాగుందన్నారు. రోగిని ఎంత బిరిన బయటికి పంపితే అంత మంచి వైద్యం.

గంటసేపు కొట్లాడితే నాకు దక్కింది ఒక్కటే. పట్టిక అడుగున, చిన్న అక్షరాల్లో, ఏ ఆస్పత్రిలో ఎంతమంది మానేశారో, ఎంతమంది తిరిగొచ్చారో వేస్తారు. తిరిగొచ్చినవాళ్ళ లెక్కలో కూరెకుప్ప మొదటిది. భూతద్దం పెట్టుకుని చదువుకో.

నీ ఆస్పత్రిని మూయరు. నీ బదులు ఇంకో డాక్టర్ని పెట్టాలని చూశారు. ఇద్దరు వచ్చి ఆ దుమ్ము చూసి వెళ్ళిపోయారట. నీ సేవల్ని గుర్తించి కొనసాగిస్తున్నాం అని ట్రస్టు నుంచి కాగితం వస్తుంది. నమ్మొద్దు.

ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆ చిన్న అక్షరాలు కూడా తీసేస్తారు. అందుకే ఉన్నాను.

రక్షిత


కూరెకుప్ప,
నవంబర్ 23.

రక్షితా,

నా సేవల్ని గుర్తించిన కాయితం వచ్చె. బంగారు రంగు అంచు ఉండాది. నా పేరు అంజనప్ప అని తప్పు రాసినారు. ముప్పై ఏండ్లుగా జీతం ఇస్తాండారు, పేరు రాలేదు. వీళ్ళకి రోగులు లెక్కకి రాలేదంటే ఆశ్చర్యమేముండాది. గడియారం బొమ్మ కోసం చూస్తాండా.

నువ్వు ఉద్యోగం మానొద్దు. వాళ్ళ ముందర నవ్వొద్దు, ఏడవొద్దు, పటాలు గీస్తానే ఉండు.

నిన్న కనకప్ప వచ్చినాడు. ఇన్నాళ్ళూ సిస్టరే ఇంటికి పోయి చూసి వస్తాండె. నిన్న తనే వస్తానని పట్టుబట్టినాడంట. సుంకలమ్మ ఆటోలో తెచ్చె. మెట్లకాడ నేను పోయి చెయ్యి పట్టుకున్నా. వరండాలో జనం చూస్తాండారు. ఆయప్ప తల వంచుకోలేదు. కొత్త అంగీ ఏసుకుని వచ్చినాడు.

మాట రవంత తిరిగింది, మెల్లగ చెప్తే అర్థమవుతాది. బీపీ చూసినా. నూటా అరవై ఎనిమిది బై నూటారెండు. మాత్రలు మింగినావా అని అడిగినా. బంధువుల పెండ్లికి పోయినామని, మాత్రలు ఇంట్లోనే మరిచినామని, మూడు దినాలాయెనని చెప్పినాడు. చెప్పి నా మొగం చూస్తా కూచున్నాడు.

పక్షవాతం వచ్చినోడు, మంచంలో పడినోడు, పెండ్లిలో మాత్రలు మరుస్తాడా? ఆ పాత మాటే నాలిక చివరి దాకా వచ్చె రక్షితా. నాగలక్ష్మమ్మ నా వైపు చూడకుండా మందుల అల్మారా సర్దుతాండాది. పొద్దున్నే సర్దేసింది, సర్దేదానికి ఏమీ లేదు. సుంకలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునె.

నేను ఆ అంకె కొట్టినా. ఉన్నది ఉన్నట్లే కొట్టినా. స్క్రీను ఎర్రగాయె. మీ పట్టికలో ఇంకో మార్కు పోయింది, పోనీ. మాత్రల అట్ట తీసి, పెండ్లికి పోయేటప్పుడు అంగీ జేబులో పెట్టుకుని పోవల్ల అని చెప్పి, కనకప్ప జేబులో నేనే పెట్టినా. సోమవారం మళ్ళీ బీపీ చూడల్ల అని చెప్పి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపినా.

ఆటో ఎక్కేముందు నిలబడి అడిగినాడు, ఒక్కొక్క మాట కూడదీసుకుని.

"సోమవారం వస్తే... తిట్టవు కద?"

తిట్టనని చెప్దామనుకున్నా. అబద్ధం రాలేదు.

"తిడతా" అన్నా. "అయినా రా."

అంజినప్ప మామ